చుక్కాలు ప్రయాణం

రావే బుజ్జమ్మా, కాళ్ళు దులుపుకుని మంచం ఎక్కు. సాయంత్రం డాబా మీద నోరు తెరుచుకుని నిలబడ్డావే, ఆకాశంలో బారులు తీరి వెళ్ళిన ఆ బాతుల్ని చూసి! అవి ఎక్కడికెళ్తున్నాయి, ఎక్కడికెళ్తున్నాయి అని నన్ను అన్నం ముద్ద మింగనిచ్చావా? ఇదిగో చెప్తున్నా. ఊ కొట్టాలి మరి. నువ్వు ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది.

అనగనగా సముద్రానికి ఇవతల, ఉప్పు మళ్ళకి అవతల, తుంగపేట అని ఒక ఊరు. ఊరి పక్కనే పెద్ద బీల. బీల అంటే తెలీదూ? సగం నీళ్ళు, సగం బురద, మిగతాదంతా గడ్డీ తుంగా. లెక్క కుదరలేదా? బీల లెక్క అంతే, నోరు మూసుకుని విను.

కార్తీక మాసం వచ్చి మంచు పడటం మొదలయ్యేసరికి ఆ బీల మీదకి బాతులు దిగేవి. మన పెరట్లో తిరిగే బాతులు కావే. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి తల, ఆ తల వెనక అడ్డంగా రెండు నల్ల గీతలు. చలికాలమంతా గడ్డి మేసేవి, కోసిన చేలల్లో రాలిన గింజలు ఏరుకునేవి. శివరాత్రి వెళ్ళాక ఒక రోజు దక్షిణం గాలి లేచేది. అప్పుడు అన్నీ ఒక్కసారిగా లేచి ఉత్తరానికి వెళ్ళిపోయేవి.

ఎక్కడికో ఎవరికీ తెలీదు. తుంగపేట వాళ్ళు మాత్రం వాటిని మా ఊరి ఆడపిల్లలు అనేవారు. పురిటికి పుట్టింటికి వచ్చారు అనుకునేవారు. ఒక్కరంటే ఒక్కరు వాటి మీద రాయి విసిరేవారు కాదు. పెళ్ళి ఊరేగింపు బీల గట్టు మీదకి వచ్చేసరికి బాజాలు ఆపించేసేవారు, పురిటాళ్ళు ఉలిక్కిపడతారని. వాటికి వెళ్ళే ముందు సారె కూడా పెట్టేవారు. ధాన్యంలో పసుపు కలిపి గట్టు పొడుగునా చల్లేవారు.

ఆ సారె పెట్టే మనిషి గవరమ్మ. ఉప్పు మళ్ళల్లో పని చేసేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నోరు మాత్రం ఊరు మొత్తానికి సరిపోయేంత ఉండేది. మనసు వెన్న అనుకో.

ఆ బాతుల్లో ఒకదానికి తల మీద వెనక గీత మధ్యలో తెగిపోయి చుక్కలా మిగిలింది. గవరమ్మ దానికి చుక్కాలు అని పేరు పెట్టుకుంది. గట్టు మీద నిలబడి "చుక్కాలూ, ఓ చుక్కాలూ!" అని కేకేస్తే చాలు, నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి అరచేతిలో గింజలు తినేది. కడుపున పుట్టిన కూతురుంటే మాత్రం ఇంతకన్నా ఏం చేస్తుంది అనుకునేది గవరమ్మ. అది వెళ్ళిపోయిన రోజున ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఇలా ఉండగా ఒక ఏడు శివరాత్రి వెళ్ళింది. దక్షిణం గాలి లేచింది. బాతులన్నీ గుంపు కట్టి, మెడలు చాచి, ఉత్తరం కేసి తిరిగి నిలబడ్డాయి. అప్పుడు గవరమ్మ గుండె ఝల్లుమంది. "ఓలమ్మో, ఇవాళ మంగళవారం! మంగళవారం పూట ఆడపిల్లని పంపుతామా?" అని బుట్టెడు ధాన్యం తెచ్చి చల్లింది. చుక్కాలూ అని పిలిచింది. చుక్కాలు వచ్చింది, దాని వెనక మిగతావీ వచ్చాయి. అవి తినేలోపు గాలి పడిపోయింది.

ఆ తర్వాత మళ్ళీ గాలి లేచింది. ఆ రోజు శుక్రవారం. "శుక్రవారం ఇంటి లక్ష్మిని గడప దాటిస్తారుటే ఎవరైనా?" అంది గవరమ్మ. ఊళ్ళో ఆడవాళ్ళందరూ నిజమే నిజమే అన్నారు. తలా చేటెడు ధాన్యం తెచ్చి పోశారు. ఆ గాలీ పోయింది.

మూడోసారి గాలి లేచింది. ఆ రోజు అమావాస్య. ఊళ్ళో ఎవరి దగ్గరా చల్లడానికి ధాన్యం మిగల్లేదు. అప్పుడు గవరమ్మ తను వండుకునే బియ్యం డబ్బా తెచ్చి గట్టు మీద బోర్లించేసింది. తను మంచినీళ్ళు తాగి పడుకుంది. మూడో గాలి కూడా పోయింది.

అదంతా ప్రేమేనే బుజ్జమ్మా. కానీ ఎండకి ఆ సంగతి తెలుస్తుందా? ఎండలు ముదిరాయి. బీల ఎండిపోతూ వచ్చి నీళ్ళన్నీ ఒక గుంటలోకి చేరాయి. గడ్డి మాడిపోయింది. మంచు దేశానికి తగ్గ ఒళ్ళు కదా వాటిది, ముక్కులు తెరుచుకుని రొప్పుతూ కూర్చునేవి. పొద్దు వాలేసరికి నక్కలు గట్టు దాకా వచ్చి కాచుకుని ఉండేవి. చుక్కాలు గింజలు ముట్టడం మానేసింది. పొద్దస్తమానం ఉత్తరం కేసి చూస్తూ నిలబడేది. గవరమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్ల ఎందుకిలా అయిపోతోందో ఆవిడకి అర్థం కాలేదు.

అప్పుడు ఊళ్ళోకి ఒకాయన వచ్చాడు. భుజాన కంబళ్ళ మూట. ఆ ఎండల్లో కంబళ్ళు కొనేదెవరే! పాపం ఆయన చలికాలమంతా పట్నంలో కంబళ్ళు అమ్ముకుని, చివర్లో జ్వరం వచ్చి పడిపోయి, ఆలస్యంగా ఇంటికి బయల్దేరాడు. వాళ్ళ ఊరు మంచుకొండలకి అవతల. పేరు నోర్బు. ఏటా వస్తాడు కాబట్టి తెలుగు వంకరటింకరగా వచ్చు.

నోర్బు గవరమ్మ గుమ్మం ముందు ఆగి మంచినీళ్ళు అడిగాడు. చెంబు అందుకుంటూ బీల కేసి చూశాడు. తాగడం మర్చిపోయాడు.

"అమ్మా, ఇవి ఇంకా ఇక్కడే ఉన్నాయేంటి? ఇవి మా ఊరి పిల్లలు" అన్నాడు.

గవరమ్మకి ఒళ్ళు మండింది. "మీ ఊరి పిల్లలా? బాగానే ఉంది సంబడం! ఇవి మా ఆడపిల్లలయ్యా. పురిటికి పుట్టింటికి వచ్చాయి."

"పురిటికా? మరి ఇక్కడ ఎప్పుడైనా గుడ్డు పెట్టాయా అమ్మా?"

గవరమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. వాళ్ళ అమ్మ కాలం నుంచీ, అమ్మమ్మ కాలం నుంచీ వస్తున్నాయి ఆ బాతులు. ఒక్క గుడ్డు చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎవరికీ తట్టనే లేదు.

అప్పుడు నోర్బు అరుగు మీద కూర్చుని చెప్పుకొచ్చాడు. "మా ఊరి ముందర పెద్ద సరస్సు ఉందమ్మా. చలికాలం అది రాయిలా గడ్డకట్టేస్తుంది, దాని మీద నడిచి అవతలికి వెళ్తాం. మంచు కరిగే వేళకి ఇవి వస్తాయి. సరస్సు మధ్యలో దిబ్బల మీద గుడ్లు పెడతాయి, పిల్లల్ని చేస్తాయి. ఇవి దిగేదాకా మా ఊళ్ళో నాగలి కట్టరు. మా అమ్మ రోజూ పొద్దున్నే ఇంటి కప్పు ఎక్కి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దక్షిణం కేసి చూస్తుంది. ఇప్పుడూ చూస్తూనే ఉంటుంది, ఈ ఏడు ఇంకా రాలేదేంటా అని."

"మరి మధ్యలో కొండలుంటాయి కదయ్యా? పక్క నుంచి చుట్టి వెళ్తాయా?" అంది గవరమ్మ.

"పక్క నుంచి కాదమ్మా. మీద నుంచే."

ఇది జాగ్రత్తగా విను బుజ్జమ్మా. ఆ కొండలకి మబ్బులు మోకాళ్ళ దాకానే వస్తాయట. పైన చెట్టు లేదు, గడ్డిపోచ లేదు. మనిషి నాలుగడుగులు వేస్తే ఊపిరి అందక కూలబడతాడు. నోర్బు ఒకసారి తెల్లవారుజామున ఆ కొండల సందులోంచి దాటుతూ, ఇక నావల్ల కాదని ఒక రాతికి ఆనుకుని కూర్చున్నాడట. అప్పుడు పైనుంచి అరుపులు వినిపించాయి. తలెత్తి చూస్తే, కొండ కన్నా ఇంకా పైన, నక్షత్రాలు ఇంకా ఆరిపోని ఆకాశంలో, ఇవే బాతులు! రెక్క ఆపకుండా, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ వెళ్తున్నాయి.

"నాకు అమ్మా అనడానికి ఊపిరి లేదు తల్లీ. అవి కబుర్లు చెప్పుకుంటూ వెళ్తున్నాయి. మంచులో మోకరిల్లి దండం పెట్టాను" అన్నాడు నోర్బు.

గవరమ్మ తన అరచెయ్యి తనే చూసుకుంది. ఈ చేతిలో గింజలు తిన్న చుక్కాలేనా అంత ఎత్తున వెళ్ళేది! ఇంతటిదాన్ని గుప్పెడు గింజలతో కట్టేశానా అనుకుంది. ఆ తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భోరుమంది. "దీని పుట్టిల్లు అక్కడయ్యా. ఇది అత్తారిల్లు. నిండు నెలల పిల్లని పురిటికి పంపకుండా పట్టుకు కూర్చున్న అత్తగారిని నేను!" అంది.

అప్పటి నుంచీ గవరమ్మ గాలి కోసం కాచుకుంది. నోర్బు కూడా ఆగాడు. ఆకు కదల్లేదు. గుంటలో నీళ్ళు ఇంకా తగ్గాయి. ఈ ఏడు ఇక గాలి రాదేమో, పిల్లని నా చేతులతో నేనే చంపుకున్నానేమో అని ఆవిడ కుమిలిపోయింది.

చివరికి ఒక పొద్దున్న గవరమ్మ కొంగు ఉత్తరం వైపు ఎగిరింది. దక్షిణం గాలి! ఊరు ఊరంతా గట్టు మీదకి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, మళ్ళీ శుక్రవారమే గవరమ్మత్తా!" అన్నారు ఆడవాళ్ళు.

"పురిటికి వెళ్ళే పిల్లకి వారమేంటే? తప్పుకోండి పక్కకి!" అని కసిరింది గవరమ్మ.

ఎవ్వరూ గింజ చల్లలేదు. బాతులన్నీ ఒక్కసారి లేచాయి. ఆ రెక్కల చప్పుడుకి గట్టు అదిరింది. చుక్కాలు కూడా లేచింది. లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ గట్టు పక్కనే ఉన్న గవరమ్మ వాకిట్లో దిగింది. పిలుపుకి అలవాటు పడిపోయింది మరి. పైన గుంపంతా దాని కోసం తిరుగుతోంది. ఇంకాసేపు అలా తిరిగితే ఈ గాలి కూడా పోతుంది.

అప్పుడు గవరమ్మ ఏం చేసిందో తెలుసా? గబగబా ఇంట్లోకి వెళ్ళి తలుపేసి గడియ పెట్టేసుకుంది.

చుక్కాలు గుమ్మం ముందు నిలబడి అరిచింది. గవరమ్మ పలకలేదు. మళ్ళీ అరిచింది. గవరమ్మ చెయ్యి గడియ దాకా వెళ్ళింది, వెనక్కి లాక్కుంది. మూడోసారి అరిచింది. గవరమ్మ నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఊరు మొత్తానికి సరిపోయే నోరని చెప్పానే, ఆ నోరు ఆ రోజు పెదవి కదపలేదు.

ఆ తర్వాత రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

గవరమ్మ తలుపు తీసుకుని వచ్చేసరికి ఆకాశమంతా బాతులే. బారు మీద బారు, బారు మీద బారు! గోల చేసే పిల్లలు కూడా నోళ్ళు వెళ్ళబెట్టి నిలబడిపోయారు. చివరి బారు వెనక ఒక్కటే ఒక్కటి రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ వెళ్తోంది. ఆ బారులోవి కాస్త జరిగి దానికి చోటిచ్చాయి. అది వెళ్ళి ఆ సందులో చేరిపోయింది. అవి కనుమరుగయ్యాక కూడా ఎవరూ తల దించలేదు.

నోర్బు మూట భుజాన వేసుకుని, "నేను నడిచి వెళ్ళేసరికి పిల్లలు కూడా పుట్టేస్తారమ్మా" అని నవ్వాడు.

"మీ అమ్మతో చెప్పు నాయనా. ఆలస్యం చేసింది నేనని, పిల్ల తప్పేం లేదని చెప్పు" అంది గవరమ్మ.

ఆ తర్వాత ఎండలు పోయాయి, వానలు పోయాయి, కార్తీకం వచ్చింది. గవరమ్మ రోజూ గట్టు మీదే. మొదటి గుంపు దిగింది, చుక్కాలు లేదు. రెండో గుంపు దిగింది, లేదు. అంత ఆలస్యంగా పంపాను, ఆ కొండల మీద ఏమైపోయిందో అని ఆవిడ కళ్ళు కాయలు కాచాయి. మూడో గుంపు పొద్దు గుంకేవేళ దిగింది. అందులో, ఇదిగో, చుక్కలా మిగిలిన గీత! దాని వెనక మూడు పిల్లలు. వాటి తలల మీద ఇంకా గీతలే రాలేదు.

గవరమ్మ పిలవలేదు. ఇక ఎప్పుడూ పిలవనని తలుపేసుకున్న రోజే ఒట్టు పెట్టుకుంది. చుక్కాలే పిల్లల్ని వెంటేసుకుని గట్టెక్కి వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడింది. గవరమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

ఆ చలికాలం నోర్బు మళ్ళీ వచ్చాడు. ఈసారి కంబళ్ళతో పాటు చిన్న మూట ఒకటి తెచ్చాడు. అందులో వాళ్ళ చేలో పండిన బార్లీ గింజలు. "మీ పద్ధతి మా అమ్మకి చెప్పానమ్మా. పురుడు పోసి పంపాం కదా, అత్తారింటికి సారె పంపకపోతే ఏం మర్యాద అంది" అన్నాడు.

అప్పుడు గవరమ్మ ఆ గింజలు చేటలో పోసుకుని ఇంటింటికీ తిరిగి పంచింది. "మా వియ్యపురాలు పంపిందమ్మా!" అని ఎంత గొప్పగా చెప్పుకుందనుకున్నావు! ఆ వియ్యపురాలి మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు, చూడబోదు. అయినా వెళ్ళే కాలంలో ఒకావిడ ఇంటి కప్పెక్కి దక్షిణం కేసి, వచ్చే కాలంలో ఒకావిడ బీల గట్టెక్కి ఉత్తరం కేసి, ఇద్దరూ ఒక్క పిల్ల కోసమే చూసేవారు.

ఏం బుజ్జమ్మా, నిద్రొచ్చేసిందా? రేపు పొద్దున్న మళ్ళీ బారులు వెళ్తే డాబా ఎక్కి చూడు. చెయ్యి ఊపు, దండం పెట్టుకో, నీ ఇష్టం. పిలవకు మాత్రం. అక్కడ వాళ్ళమ్మ వాటి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

కథ కంచికి,
బాతులు మంచుకి,
బుజ్జమ్మ మంచానికి,
అమ్మమ్మ దీపం ఆర్పడానికి!