రాజుగారి ఇరవై తరాలు

ఒకానొక రాజ్యంలో ఉదయకేతు అనే రాజుగారుండేవారు. ఆయనకు మీసం కన్నా వంశం పొడుగు. ఏటా పుట్టినరోజున భట్రాజు సభలో లేచి ఇరవై తరాల పేర్లు గుక్కతిప్పుకోకుండా చదవాలి, రాజుగారు కళ్లు మూసుకుని ఆనందించాలి.

ఒక ఏడు ఆ ఆనందం ముదిరింది. ఏడు తరాల వాళ్ల పేర్లు చెప్పలేనివారు కోటలో ఉండరాదని ఆజ్ఞ వేశారు. దెబ్బ మొదట దాది పేరమ్మకు తగిలింది. రాజుగారికి పాలిచ్చి పెంచింది ఆమే. సంతలో దొరికిన పిల్ల, తండ్రెవరో తెలియదు. ముసలితనంలో మూట కట్టుకుని, తల వంచుకుని, సెలవు కోసం సభ గుమ్మం దగ్గర నిలబడింది. ఆ సంగతి చెప్పుకోవడానికే సిగ్గుచేటు.

అప్పుడు ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ సింగన లేచాడు.

"మహాప్రభూ! భట్రాజు తరానికొక్క పేరే చదివాడు. తమరికి తండ్రిగారేనా, తల్లిగారు లేరా?"

"ఎందుకు లేరు?" అని గద్దించారు రాజుగారు.

"అయితే మొదటి తరానికి ఇద్దరు. రెండో తరానికి నలుగురు, మూడో తరానికి ఎనిమిది మంది. ఇలా రెట్టిస్తూ పోతే, మన రాజ్యంలో ఉన్నంత మంది, అంటే లక్షమంది, ఎన్నో తరానికి అవుతారు?"

"లక్షా? వెయ్యి తరాలైనా వెనక్కి పోవాలి."

"పదిహేడు చాలు ప్రభూ."

సభ ఘొల్లున నవ్వింది. రాజుగారు గణకుణ్ణి పిలిచి లెక్క వేయించారు. పదో తరానికి వెయ్యి దాటింది. పదిహేడో తరానికి లక్ష దాటింది. నవ్వులు ఆగిపోయాయి.

"తరం చెబితే జనాన్ని చెప్పడం ఒక లెక్క. జనం చెబితే తరాన్ని చెప్పడం దాన్నే తిరగేసిన లెక్క. అటునుంచి కొండ, ఇటునుంచి నాలుగు మెట్లు," అన్నాడు సింగన. "ఇంకో విడ్డూరం, తరాలను కూడితే జనాన్ని హెచ్చవేయాలి. పదికి వెయ్యి అయితే, పదీ పదీ ఇరవైకి వెయ్యి వేలు, అంటే పది లక్షలు! అంత దూరం వద్దు లెండి. తమరు పెట్టిన ఏడో తరంలోనే నూట ఇరవై ఎనిమిది మంది. భట్రాజుకు తెలిసింది ఒక్కడు. తక్కినవాళ్ల పేర్లు తమరు సెలవివ్వండి. లేదంటే పేరమ్మ మూట పక్కన ఇంకో మూట కట్టించాలి."

రాజుగారు ఏడో తరం మాట అటుంచి, రెండో తరం దగ్గరే తడబడ్డారు. అమ్మమ్మ పేరు గుర్తురాలేదు.

గుమ్మం దగ్గర్నుంచి పేరమ్మ సన్నని గొంతు వినిపించింది. "కనకాంబ, నాయనా. నిన్ను మొదట ఎత్తుకున్నది ఆవిడే."

నిండు సభలో రాజుగారి తల వాలిపోయింది. తల ఎత్తి తన అజ్ఞానానికి తనే పకపకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి సింగనకు వేశారు. గుమ్మం దాకా నడిచి వెళ్లి, పేరమ్మ మూట తన చేతుల్లోకి తీసుకున్నారు.

"భట్రాజూ, వచ్చే ఏడు పేరమ్మ పేరుతో మొదలుపెట్టు."

భట్రాజు నీళ్లు నమిలాడు. "ఎవరి కూతురని చదవమంటారు ప్రభూ?"

"ఎవరి కూతురైతే నీకేం? నన్ను ఆమె కొడుకని చదువు."