సఫర్ పదమూడు

హుసేనమ్మ మనవణ్ణి ఎత్తుకోనంది.

నలభైయో నాటి స్నానం కూడా అయింది. కూతురు కాశింబీ బతిమాలింది, ఏడ్చింది. హుసేనమ్మ పరుపు కుట్టే సూది దించలేదు, తల ఎత్తలేదు. పిల్లలు లేని దూరపు చుట్టం ఒకామె ఉంది, పెంపకానికి ఇచ్చేద్దాం అని మాత్రం అంది. చివరికి గురువు ఎట్లా చెబితే అట్లా అనుకుని, బిడ్డతో సహా కొండమీది దర్గాకు వచ్చారు.

ఖలందర్ తాత కట్టెలు చీలుస్తున్నాడు. హుసేనమ్మ ఆయన శిష్యురాలై చాలా ఏళ్ళయింది.

"వీడు సఫర్ పదమూడున పుట్టినాడు తాతా," అంది. "ఆ నెల మొదటి పదమూడు దినాలూ మంచివి కావు. కడాది, పదమూడోది, మరీ చెడ్డది. కోట కూలింది ఆ పొద్దే. పాత నవాబు పోయింది ఆ పొద్దే. ఏరు పొంగి పేట కొట్టుకపోయింది ఆ పొద్దే." ఆగింది. "నా కొడుకు మౌలాలి ఏట్లో మునిగిందీ ఆ పొద్దే."

"మా గురువు పుట్టిందీ ఆ పొద్దే," అన్నాడు తాత.

హుసేనమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడూ చెప్పలేదే! నన్ను ఊరడించడానికి ఇప్పటికిప్పుడు కల్పించాడా?

"నమ్మవా?"

"నవ్వుతా చెప్తే ఎట్ల నమ్మేది?"

"సరే. ఆ పొద్దును నేను నిలదీసి వస్తా. అందాకా వీణ్ణి పట్టుకో."

వద్దనేలోపే బిడ్డ ఆమె ఒళ్ళో ఉన్నాడు. "రామ్మా, బియ్యం ఏరాల," అంటూ తాత కాశింబీని వంటశాలకు తీసుకుపోయాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

హుసేనమ్మ బిడ్డను మోకాళ్ళ చివరన ఉంచుకుంది. వాడు ఆమెను చూడలేదు. ఆమె భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నాడు. తిరిగి చూసింది. ఎవరూ లేరు. చెవి తమ్మె అచ్చం మౌలాలిదే. ఎందుకొచ్చావురా, వాడి చోటుకా? లేక నిన్నూ ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటుందా ఆ పొద్దు?

పిడికిలి గట్టిగా మూసి ఉంది. ఏం దాచాడు? ఒక్కో వేలే విప్పింది. చెమటకు నల్లబడిన దూది పోగు. ఇంట్లో ఎగిరే దూదే. తీయబోతే ఆమె వేలు పట్టుకున్నాడు. విడిపించుకోబోయింది. గొంతు చించుకుని ఏడ్చాడు. పరుగెత్తుకొచ్చిన కాశింబీని తాత గుమ్మం దగ్గరే ఆపేశాడు.

"ఓరి మొండోడా! మీ మేనమామే నువ్వు." హుసేనమ్మ మోకాళ్ళు ఊపింది. చాలలేదు. దగ్గరికి లాక్కుంది.

ఎండ గోడ దిగింది. తాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "హుసేనమ్మా, ఆ పొద్దు సంగతి..."

ఆమె తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"మెల్లగా తాతా. ఇప్పుడే నిద్రపోయినాడు."