మడుగులో గూడు

ఈ ఏడడవుల్లో నన్ను మోసం చెయ్యగల ప్రాణి ఇంకా పుట్టలేదు, పావురమ్మా. పుట్టినా నా పేరు వినగానే మళ్ళీ గుడ్డులో దూరి పెంకు మూసుకుంటుంది. నా వెనకవైపు చూసి అలా కళ్ళతో నవ్వకు. తోక లేదన్నది నిజమే. అది పిల్లితో జరిగిన యుద్ధంలో పోయింది. పిల్లికి ఇంకా చాలా పోయాయి, అవన్నీ ఇప్పుడెందుకులే.

ముక్కున ఆ ఈక పట్టుకుని ఎక్కడికో తొందరగా బయలుదేరినట్టున్నావు. ఎక్కడికని అడగను. కాస్సేపు ఈ కొమ్మ మీద కూర్చుని ఒక కథ విను. మధ్యలో మాట్లాడకు, ఈక జారిపోతుంది. పావురం నోరు మూసుకుని వినడం నేనింతవరకు చూడలేదు. ఆ ముచ్చటా తీరిపోతుంది.

కథ నాది కాదు. ఈ మద్దిచెట్టు కింది కొమ్మ మీద ఉండే జీనువాయిది. పిచ్చుకంత పిట్ట, ఇటుకరంగు వీపు, పొట్ట మీద చేప పొలుసుల్లాంటి చుక్కలు. పోయిన వానాకాలం ముందు దాని మగడు వలలో పడ్డాడు. ఎవరి పంజరంలో ఉన్నాడో ఇప్పటికీ తెలియదు. అప్పటికి జీనువాయి కడుపులో గుడ్లున్నాయి. ఆకాశం దక్షిణం వైపు నల్లబడుతోంది.

గూడు కట్టడం ఇద్దరి పని. ఒకరు గడ్డి తేవాలి, ఒకరు అల్లాలి. ఒంటరి పిట్టకైతే పక్షం రోజులు పడుతుంది. గుడ్లు ఆరు రోజులకు మించి ఆగవు. అందుకని పాత గూడు కొనుక్కుందామనుకుంది.

మా అడవిలో అదేం తప్పు కాదు. గిజిగాడు ఒక వానాకాలానికి నాలుగు గూళ్ళు అల్లుతాడు, వాటిలో మూడు వాళ్ళావిడకి నచ్చవు. ఆ మిగిలినవి ఎవరో ఒకరు తీసుకుంటారు. పూర్వం వెళ్ళి, లోపల తలపెట్టి చూసి, ముక్కుతో నాలుగు పోచలు లాగి చూసి, అప్పుడు బేరమాడేవాళ్ళు. ఇప్పుడంతా పిలుపుబండ దగ్గరే.

పిలుపుబండ నీకు తెలియనిది కాదు. వాగు మలుపులో నిలువెత్తు రాయి. దాని వెనక చేరి ఎవరు కూసినా అడవంతా వినిపిస్తుంది, కూసినవాళ్ళు మాత్రం కనిపించరు. ‘తొర్ర ఉంది, చెదలు లేవు.’ ‘పుల్లలు ఉన్నాయి, ఒక్క కాపురానికే వాడినవి.’ పొద్దున లేస్తే అదే గోల. బండ నడుమ ఒక చీలిక. ధర ఎంతయితే అన్ని ఈకలు అక్కడ పెట్టాలి. గాలి వాటిని అవతలికి లాక్కుంటుంది.

జీనువాయి వెళ్ళిన రోజున ఆ చీలికలోంచి ఒక గొంతు పలికింది. తేనెలో నానబెట్టిన గొంతు.

‘వలస కొంగని, చెల్లెమ్మా. దండులో పనిచేస్తున్నాను. పైనుంచి హుకుం వచ్చింది, ఎల్లుండికల్లా ఉత్తరానికి ఎగరాలి. గూడు మోసుకుపోలేను కదా.’

‘గూడు ఒకసారి చూస్తాను అన్నయ్యా.’

‘చూడకుండా కొంటావా ఏం? నీ కాళ్ళ ముందు మడుగులోకి చూడు.’

చూసింది. నీళ్ళలో ఒక గూడు ఊగుతోంది. పొడుగు మెడ, దగ్గరి అల్లిక, వాన చుక్క దూరని వాకిలి. జీనువాయి మగడు పక్కనే ఉండి పది రోజులు కష్టపడినా అలాంటిది కట్టలేడు. కొంగలకి అలాంటి గూడెందుకుంటుందని నువ్వడగవచ్చు. కడుపులో గుడ్లున్నప్పుడు ఎవరికీ ఆ ప్రశ్న రాదు.

‘ఎంతకిస్తావు?’

‘ఊరికే ఇచ్చేద్దును. నీ గొంతు అచ్చం మా చెల్లెలి గొంతులాగే ఉంది. కానీ ఊరికే వచ్చినదానికి విలువుండదని మా అమ్మ చెప్పేది. నాలుగు ఈకలు చాలు. బయానాగా ఒకటి పెట్టు. వడ్రంగిపిట్ట కూడా అడిగి వెళ్ళింది, ఏం చెప్పమంటావు మరి?’

ఒకటి పెట్టింది. మర్నాడు మూడు పెట్టింది. ఆ మర్నాడు గొంతు కాస్త నొచ్చుకున్నట్టు పలికింది. దారిలో కోతుల కాపలా ఉందట, గూడు దాటించడానికి అయిదు ఈకలు చూపించాలట, గూడు చేరగానే ఆ అయిదూ తిరిగి ఇచ్చేస్తారట.

ఆ రోజే జీనువాయి నా దగ్గరికి వచ్చింది. వదినామరుదుల వరస కట్టుకున్నాం మేం. నా వేళాకోళం మొత్తం ఆమె నెత్తినే పడేది, ఆమె ఎప్పుడూ కోప్పడలేదు.

‘చిలకా, నువ్వు అడవంతా తిరుగుతావు. ఆ చీలికలో ఈకలు పెట్టినవాళ్ళకి గూడు వచ్చిందా ఎప్పుడైనా?’ అంది.

‘గృహప్రవేశానికి నన్ను పిలవకుండా ఎవరొస్తారు వదినా?’ అన్నాను.

‘అంటే వచ్చిందనా, రాలేదనా?’

‘నీ గూట్లో పాయసం తాగి చెబుతాను.’

నవ్వింది. అది మంచిమాట కింద తీసుకుంది. వెళ్ళి ఛాతీ మీద మెత్తటి ఈకలు అయిదూ పీకి పెట్టింది. గుడ్లకి వెచ్చగా ఉంటాయని దాచుకున్న చోటు అది.

గూడు రాలేదు. అయిదో రోజు పొద్దున వెళ్ళి, ‘నాకు గూడు వద్దు అన్నయ్యా, నా ఈకలు నాకిచ్చెయ్యి,’ అంది.

‘ఇంత అనుమానమా, చెల్లెమ్మా? ఇప్పుడే ఇచ్చేస్తున్నాను. ఒకటి కాదు, అన్నీ. రెక్క పూర్తిగా విప్పి చీలికకి ఆనించు.’

‘తీసుకోవడానికి రెక్క విప్పడమెందుకు?’

‘విప్పకపోతే వచ్చే ఈకలు ఎక్కడ అంటుకుంటాయి తల్లీ? నీ మంచికే చెబుతున్నాను. గాలి ఆగకముందే విప్పు.’

గొంతులో తొందర. ఆమెకి కూడా తొందరే. విప్పింది. గాలి ఒక్క ఊపున లోపలికి లాగింది. చూసుకునేసరికి కుడిరెక్కకి పెద్ద ఈక ఒక్కటి కూడా లేదు. అన్నయ్యా అని పిలిచింది. పిలుస్తూనే ఉంది. తన గొంతే అడవంతా తిరిగి మళ్ళీ తన దగ్గరికి వచ్చింది.

నీళ్ళలో నీడ పడిందంటే ఎక్కడో గూడు ఉండాలి కదా. ఎగరలేక, చాలాసేపు నేల మీద గెంతుకుంటూ బండ చుట్టూ తిరిగి అవతలికి చేరింది. ఉంది. ఈతకొమ్మకి వేలాడుతూ అదే గూడు. వాకిట్లోంచి గిజిగాడి భార్య తల బయటపెట్టింది. లోపల పిల్లలు కీచుకీచుమంటున్నాయి.

‘గూడు కోసమా?’ అంది ఆవిడ, అలసటగా. ‘నాలుగోదానివి తల్లీ నువ్వు. మేం అమ్మిందీ లేదు, మాకు ఏ కొంగా తెలియదు. మా నీడని ఎవడో అమ్ముకుంటున్నాడు. మొదట వచ్చినవాడికి కాస్త పరువుంది. దారి తప్పి వచ్చానని దణ్ణం పెట్టి వెళ్ళాడు.’

ఇంకా ఏదో చెప్పింది. అది తరువాత చెబుతాను.

అక్కణ్ణుంచి నెమలి దగ్గరికి వెళ్ళింది. వాగుకి ఈ పక్క తగవులు తీర్చేది ఆయనే.

‘గొంతెలా ఉంది?’ అన్నాడు నెమలి.

‘బాగుందండి.’

‘రంగు?’

‘చూడలేదండి.’

‘చూడనివాడికి ఈకలెలా ఇచ్చావమ్మా? అయినా బండకి ఆ పక్క నా హద్దు కాదు.’ పురి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఈ చెట్టు కిందికి చేరేసరికి తొలి చినుకులు పడుతున్నాయి. తలెత్తి నన్ను చూసింది.

‘చిలకా, ఒకసారి వెనక్కి తిరుగు,’ అంది.

‘ఎందుకు వదినా, దిష్టి తీస్తావా?’ అన్నాను.

ఆమె నవ్వలేదు. నేను తిరగలేదు.

చెట్టు మొదట్లో గడ్డిలో నాలుగు గుడ్లు పెట్టింది. పైకి ఎగరలేదు మరి. ఈకలు ఊడిన రెక్కతో కప్పింది. ఛాతీ మీద ఈకలు లేనిచోటు గుడ్లకి ఆనించింది. మూడోనాటికి వాగు గట్టు దాటింది. పొద్దున చూస్తే గడ్డంతా ఒకే దిక్కుకి పడుకుని ఉంది. జీనువాయి ఒక రాయి మీద తడిసి కూర్చుంది. రెక్క కింద ఏమీ లేదు.

ఈకలు మళ్ళీ మొలిచాయి. ఎగురుతోంది. కానీ రోజూ బండ దగ్గరికే వెళుతుంది. గొంతు పిలిచినప్పుడల్లా, ‘ఇవ్వకండి, నేనిచ్చాను,’ అంటుంది. చిన్న పిట్ట, చిన్న గొంతు. వాగు చప్పుడులో సగం మునిగిపోతుంది. విన్నవాళ్ళు, పాపం పిచ్చిది, అని దాటిపోతారు. ఇందాక బండ దగ్గర బేరం విని వస్తూ నువ్వు కూడా ఆమెని అలాగే దాటి వచ్చావు.

నా గొంతు అలాంటిది కాదు. నేను అరిస్తే మూడు కొండల అవతల కోతి చేతిలో పండు జారిపోతుంది. ఇన్నాళ్ళూ ఆ మాట నేను అరవలేదు. అడవిలో అందరినీ చూసి నవ్వేది నేను. నన్ను చూసి నవ్వడం మొదలుపెడితే నాకిక్కడ పనేముంది?

గిజిగాడి భార్య చెప్పిన మిగతా మాట ఇది. దారి తప్పి వచ్చానన్నవాడు పచ్చగా ఉన్నాడట. వెనక్కి తిరిగితే తోక లేదట.

జీనువాయి నన్ను అడిగిన రోజుకి నా తోక పోయి ఎనిమిది రోజులు. అదే చీలిక. నన్ను తమ్ముడూ అన్నాడు. ఆ గూట్లో నా తల కూడా పట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. పెళ్ళిచూపులకి వచ్చే చిలకమ్మకి ఉయ్యాల గూడుందని గొప్ప చెప్పుకుందామనుకున్నాను. ‘రాలేదు వదినా’ అని రెండు మాటలు అంటే సరిపోయేది. పాయసం అన్నాను.

అదిగో, బండ మళ్ళీ పలుకుతోంది. ఇవాళ వలస బాతునంటున్నాడు. చెల్లెమ్మా అంటున్నాడు. నిన్నే.

పావురం ముక్కు తెరిచింది. ‘మరి పిల్లి?’ అంది.

ఈక ముక్కులోంచి జారి, గాలిలో రెండు మెలికలు తిరిగి, చెట్టు మొదట్లో గడ్డి మీద పడింది.

ఈ అడవిలో పిల్లి లేదు, పావురమ్మా.