బాచోజు పసిడి ఆకు

అనగా అనగా, రాజులు మేలైన గుర్రాల కోసం సముద్రం వైపు చూసే కాలంలో, పసిడిరేవు అనే పట్నం ఉండేది. అక్కడికి ఓడలు వచ్చేవి, బంగారం దిగేది. కానీ ఆ బంగారం ఎన్ని వన్నెలదో, రేపు దాని ధర పెరుగుతుందో తరుగుతుందో జనానికి తెలిసేది కాదు. వర్తకులు చెప్పిందే వేదం. వర్తకులు తమకు లాభమైనదే చెప్పేవారు.

ఆ పట్నంలో బాచోజు అనే కంసాలి ఉండేవాడు. వర్తకుల పెద్ద గంగిశెట్టి కొట్లో అతనిది గీటురాయి పని. బంగారాన్ని నల్లరాతి మీద గీసి, గీత రంగును బట్టి వన్నె చెప్పాలి. తర్వాత మైనపు ముద్దతో ఆ గీతను అద్ది రాయిని శుభ్రం చేయాలి. మైనానికి అంటిన బంగారు పొడి గీటినవాడిదే. అది ఆ ఊరి ఆచారం. అందుకే గట్టిగా, పదేపదే గీయనిచ్చే షావుకారు సరుకు గీటినవాడి కంటికి ఎప్పుడూ మేలిమిగానే కనబడేది.

"మైనం మెరిసేకొద్దీ కన్ను మసకబారుతుంది" అని చెప్పి బాచోజు ఆ కొలువు మానేశాడు.

ఇంటికి వచ్చి, భార్య చెన్నమ్మతో కలిసి కొత్త పని మొదలుపెట్టాడు. పున్నమికి ఒకసారి, అమావాస్యకు ఒకసారి తాటాకు మీద రాసి ఇంటింటికీ పంచుతారు. బజారులో బంగారం వన్నె ఎంత, ఏ నాణెం అరిగింది, ఏ ఓడ ఏం తెస్తోంది, బంగారానికి ధాన్యం ఎంత వస్తుంది, అన్నీ అందులో ఉంటాయి. దాని పేరు పసిడి ఆకు. ఆకుకు చందా సోలెడు బియ్యం. కూలివాడికైనా సోలెడే, కోటలో రాజుకైనా సోలెడే. ఇక గీటు చూడమని ఎవరైనా బంగారం తెస్తే, మైనం వాళ్ల ఎదుటే కాల్చి, మిగిలిన రవ్వ వాళ్ల చేతిలోనే పెట్టేవాడు.

ఊరు నవ్వింది. పొడి తిరిగిచ్చే కంసాలి అంటే వెన్న తిరిగిచ్చే పిల్లి అన్నారు. అయినా కొన్ని ఇళ్లు చందా కట్టాయి. ఆ బియ్యంతోనే బాచోజు ఇంట పొయ్యి వెలగాలి. వేరే ఆధారం లేదు.

మొదట గంగిశెట్టి బండెడు బియ్యంతో వచ్చాడు. సోలె పట్టుకుని గడపగడపకూ తిరగడం నీ స్థాయికి తగునా అని జాలిపడ్డాడు. ఆకు ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడు. తన సరుకు గురించి నాలుగు మంచి ముక్కలు రాస్తే చాలన్నాడు.

"తమరికీ ఆకు ఇస్తాను శెట్టిగారూ. సోలెడు కొలిచి, మిగతా బండి తోలుకుపోండి" అన్నాడు బాచోజు.

బండి వచ్చిన దారినే పోయింది.

ఆ ఏడు బంగారం ధర ఎగిరింది. జనం గాదెలు ఊడ్చి బంగారం కొన్నారు. బాచోజు మాత్రం గాలి మళ్లిందనీ, బంగారపు ఓడలు దారిలో ఉన్నాయనీ, ధర దిగుతుంది గనుక కొనవద్దనీ రాశాడు. కొన్నవారికి ఒళ్లు మండింది. ధర ఇంకా పెరుగుతుందని రాయమని ఇంటి మీదికి వచ్చారు. ఉప్పు అమ్మే నూకాలు అందరికంటే ముందు నిలబడింది.

"మా బియ్యం తిని మా నోట్లోనే మన్ను కొడతావా ఆచారీ?"

"తీపి మాటకైతే సోలెడు ఎందుకమ్మా? శెట్టిగారు ఊరికే చెబుతారు" అన్నాడు బాచోజు.

సగం ఇళ్లు చందా మానేశాయి. ఎసట్లో పోయడానికి గింజ లేక చెన్నమ్మ దోసిలి నూకలతో గంజి కాచింది. ఆకు మాత్రం పున్నమి తప్పలేదు, అమావాస్య తప్పలేదు.

ఓడలు వచ్చాయి. ధర కూలింది. నూకాలు సోలె పట్టుకుని మళ్లీ వచ్చింది. పక్కింట్లో ఆకు చదువుతుంటే తిట్టుకుంటూనే విన్నాననీ, తిట్టుకుంటూనే కొనడం మానేశాననీ చెప్పింది. ఆమె వెనకే మిగతావారూ వచ్చారు.

మూడో పరీక్ష కోట నుంచి వచ్చింది. గుర్రాల కోసం రాజుగారు కొత్త నాణేలు వేయించారు. ఆ పని గంగిశెట్టికి అప్పగించారు. బాచోజు ఆ నాణేన్ని గీటి చూసి, అందులో రాగి ఎక్కువని ఆకులో రాశాడు. రాజముద్రను నిందించినవాడికి కుడిచెయ్యి నరకడం అక్కడి శిక్ష. భటులు వచ్చి బాచోజును తీసుకుపోయారు.

సభలో గంగిశెట్టి, కొలువు పోయిన కక్షతో రాశాడన్నాడు. అతని కొత్త గీటురాయివాడు పేరయ, నాణెం పదహారు వన్నెల మేలిమి బంగారమని ప్రమాణం చేశాడు. కరిగించి చూద్దామా అన్నారు రాజుగారు. రాజముద్రను నిప్పులో వేస్తే రాజ్యానికి అరిష్టమని మంత్రి అడ్డుపడ్డాడు.

రాజుగారు ఇద్దరినీ తమ మైనం చూపమన్నారు.

పేరయ మురిసిపోతూ వెండి భరిణె తెరిచాడు. నిమ్మకాయంత ముద్ద ధగధగా మెరిసింది.

"ఇంత బంగారం ఎవరిది?" అని అడిగారు రాజుగారు.

"చాలామట్టుకు శెట్టిగారి చలవే ప్రభూ" అన్నాడు పేరయ గర్వంగా.

శెట్టి తల దించుకున్నాడు. బాచోజు మొలలోంచి తన మైనం తీసి చూపాడు. అది తేనెపట్టు నుంచి అప్పుడే పిండినట్టు ఉంది. ఒక్క మెరుపు లేదు.

"అరిష్టం నిప్పులో లేదు, నాణెంలో ఉంది. కరిగించండి" అన్నారు రాజుగారు.

కరిగించారు. రాగి బయటపడింది. శెట్టి తన సొంత బంగారంతో నాణేలన్నీ తిరిగి వేయవలసి వచ్చింది.

రాజుగారు సంతోషించి బాచోజుకు మాన్యం రాసిస్తామన్నారు. ఆస్థానంలో ఉద్యోగమూ ఇస్తామన్నారు. బాచోజు చేతులు జోడించాడు.

"ప్రభూ, తమ మాన్యం తింటే రేపు తమ నాణెం నా కంటికి ఎప్పుడూ మేలిమిగానే కనబడుతుంది. సోలెడు బియ్యం పంపించండి, చాలు."

ఆ తర్వాతి పున్నమికి కోట నౌకరు బియ్యంతో బాచోజు గడపకు వచ్చాడు. వచ్చీ రాగానే, చందా కొలవడానికి వరసలో నిలబడినవారందరినీ దాటి ముందుకు పోబోయాడు. నూకాలు అతని భుజం పట్టి ఆపి, సోలె అందరికీ ఒకటేనని చెప్పి తన వెనక నిలబెట్టింది. అతని వంతు వచ్చింది. రాజుగారి సోలె మీద బియ్యం గోపురంలా పోసి ఉంది. బాచోజు అరచేత్తో దాన్ని చదును చేసి, మిగిలిన గింజలను నౌకరు ఉత్తరీయంలోకి తిరిగి పోసి, ఆకు చేతికిచ్చాడు.

నిజం చెప్పి బతకదలచినవాడు పదిమంది దగ్గర కొలిచి తీసుకోవాలి. ఏ ఒక్కరి దగ్గరా కొలతకు మించి తీసుకోరాదు.