మోదుగుపూలు వాసన మరిచిపోయిన రోజు

ఒకప్పుడు మోదుగుచెట్టు పన్నెండు నెలలూ పచ్చగా ఉండేది. ఎండాకాలంలో కూడా బోసిగా నిలబడేది కాదు. నమ్మరా? నమ్మకపోతే మానేయండి, చెట్టుకేం నష్టం లేదు.

అది పూలు కూడా పూసేది. వానాకాలంలో, తీరుబడిగా, అరచేతులంత ఆకుల కింద దాక్కుని పూసేది. ఆ పూలకు మహా సిగ్గు. వాటికి కమ్మటి వాసన ఉండేది. దారిన పోయేవాళ్ళు ముక్కులు ఎగబీల్చి, "ఏదో పూసింది" అనుకుని, అటూ ఇటూ చూసి వెళ్ళిపోయేవాళ్ళు. మోదుగుకు పూలుంటాయని ఎవరికీ తెలియదు.

ఆ చెట్టు వాగొడ్డున ఉండేది. దాని ఆకులతో విస్తర్లు కుట్టే ఐలవ్వ ఆ పక్క ఊళ్ళోనే ఉండేది. ఐలవ్వ వేళ్ళు భలే చురుకు. ఆకుల మీద ఆకులు పరిచి, చీపురుపుల్ల గుచ్చి, విరిచి, మళ్ళీ గుచ్చి, గుండ్రంగా ఒక్క తిప్పు తిప్పిందంటే విస్తరి తయారు. పులుసు పోసినా కిందికి కారేది కాదు.

వేళ్ళ సంగతి సరే, కాళ్ళతోనే వచ్చింది చిక్కు. అవి ఒక్కచోట నిలిచేవి కావు. తంగేడు పూసిందంటే గుట్టకు, గునుగు పూసిందంటే చేలగట్లకు, వేప పూతకొచ్చిందంటే వాగవతలికి. ఊరి ఆడవాళ్ళు పూలు చూడటానికి బయల్దేరితే అందరికంటే ముందు నడిచేది ఐలవ్వే.

"నీ కాళ్ళల్ల చక్రాలున్నయా ఏందే" అని వాళ్ళమ్మ ముత్తవ్వ తిట్టేది. కుట్టు నేర్పింది కూడా ఆమే. నేర్పేటప్పుడు ఒక్క మాట మరీ మరీ చెప్పింది. "ఏ కొమ్మకైనా కొసాకు తెంపకు బిడ్డా. కొసాకు చెట్టుది. మిగిలినయే మనయి."

ఆ ఏడు ఫాల్గుణంలో వాగవతలి పెళ్ళివాళ్ళు విస్తర్లు కావాలన్నారు. ఐలవ్వ సరేనంది. ఇవాళ కుడతా, రేపు కుడతా అంటూ మామిడిపూత చూసుకుంటూ తిరిగింది. పెళ్ళి ఇంకా రెండు రోజులుందనగా ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మూడు గుట్టల అవతల బూరుగు పూసిందట. రేపు పొద్దున్నే పోతున్నం. వస్తవా?"

రాకుండా ఉంటుందా? ఇంట్లో మాత్రం ఒక్క విస్తరి కూడా లేదు. ఐలవ్వ గంపలు పట్టుకుని వాగొడ్డుకు ఉరికింది. కొమ్మ వంచడం, పైనుంచి కిందికి గుప్పిటతో దూయడం, గంపలో వేయడం. చూసి తెంపేంత ఓపిక ఎక్కడిది? మనసప్పటికే బూరుగు కింద ఉంది.

"ఐలవ్వా, కొసాకులు" అంది చెట్టు. "జర చూసుకొని తెంపు."

"చూసుకుంట తెంపితే ఈడనే తెల్లారుతది. మళ్ళ చిగురేస్తవులే" అంటూ ఐలవ్వ ఇంకో కొమ్మ వంచింది.

గంపలు నిండాయి. చెట్టు ఖాళీ అయింది. పొద్దుగూకేలోగా కుట్టేసింది, పెళ్ళివాళ్ళకు ఇచ్చేసింది. మర్నాడు పొద్దున్నే బూరుగు చూడటానికి పోయింది. బూరుగు ఎర్రగా, నిండుగా పూసింది. ఐలవ్వ దాని కింద ఒక్క ఘడియ కూర్చుందో లేదో, "ఇంకెక్కడేం పూసిందో" అంటూ లేచింది. ఇటు తిరిగి, అటు తిరిగి, నాలుగో రోజు మధ్యాహ్నానికి ఊరు చేరింది.

వాగొడ్డున మోదుగు చెట్టు ఒట్టి పుల్లల మోపులా నిలబడి ఉంది. మొదలు చుట్టూ గడ్డితాడు కట్టి ఉంది.

ఆ తాడు చూడగానే ఐలవ్వ హడలిపోయింది. ఎందుకో చెప్తాను. ఫాల్గుణ పున్నమికి ఊళ్ళో కాముడి మంట వేస్తారు. దానికి కట్టెలు చూసే పని కొండయ్యది. కొండయ్య పచ్చి చెట్టు మీద గొడ్డలి వేయడు. ఎండిన చెట్టు కనిపిస్తే గడ్డితాడు కట్టి, మర్నాడు పొద్దున్నే కొడతాడు.

ఐలవ్వ ఆయన ఇంటికి పరుగెత్తింది. "మామా, ఆ చెట్టు ఎండలేదు. ఆకులు నేనే తెంపిన."

"అన్నీ తెంపినవా?"

"అన్నీ."

"కొసాకులు గూడ?"

"అవి గూడ."

"ముత్తవ్వ బిడ్డవై ఉండి గట్ల చేస్తివా" అన్నాడు కొండయ్య. ఆయనకూ బాధగానే ఉంది. "కొసాకు పోయినంక ఈ ఎండలకు అది బతుకుతదా? ఒక్క మాట చెప్త. రేపు పొద్దుటికల్లా ఆ కొమ్మల మీద పానం ఉన్నట్టు ఏదన్న చూపించు. తాడు నేనే విప్పుత."

ఐలవ్వ మళ్ళీ చెట్టు దగ్గరికి పరుగు. వాళ్ళమ్మ ఆ నీడలోనే కూర్చుని విస్తర్లు కుట్టింది, తనకు కుట్టు నేర్పింది. ఇప్పుడక్కడ నీడ లేదు. కూర్చుంటే మాడు మాడిపోతోంది. ఇంట్లో కుట్టగా మిగిలిన ఆకులు పదో పన్నెండో ఉంటే పట్టుకొచ్చి, చెట్టెక్కి, చీపురుపుల్లతో వాటిని కొమ్మలకు కుట్టడం మొదలుపెట్టింది.

నవ్వకండి. వచ్చిన పని అదొక్కటే, అదే చేసింది.

ఇంతలో గాలి వచ్చింది. ఫాల్గుణపు గాలికి కూడా ఐలవ్వలాగే ఒకచోట నిలిచే అలవాటు లేదు. ఒక్క ఊపు ఊపేసరికి కుట్టిన ఆకులన్నీ వాగులో పడ్డాయి.

"అయ్యో, చూసుకోలేదు" అంది గాలి.

"నేను గూడ చూసుకోలేదు" అంది ఐలవ్వ, కొమ్మను పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

గాలి కాసేపు అటూ ఇటూ తిరిగింది. దానికీ కాలు నిలవడం లేదు. చివరికి కొమ్మల సందుల్లో దూరి, గణుపు గణుపునా తలుపు కొట్టింది. లోపల మోదుగుపూలు నల్లటి టోపీలు పెట్టుకుని పడుకున్నాయి.

"లేవండి" అంది గాలి.

"ఇప్పుడేంటి? వానలు పడనీ, ఆకులు రానీ" అన్నాయి పూలు.

"రేపు పొద్దున గొడ్డలి వస్తుంది."

"ఎవరి మీదికి?"

"మీ అమ్మ మీదికి."

పూలు గబుక్కున లేచి కూర్చున్నాయి. కానీ కాళ్ళాడలేదు. ఆకులు లేకుండా అందరి ముందుకూ ఎలా వెళ్ళడం? ఎవరైనా చూస్తే? అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, "నువ్వు పో, నువ్వు పో" అనుకుంటున్నాయి.

చెట్టుకు ఆ గుసగుసలు వినిపించాయి. "వద్దులే, మీరు పడుకోండి" అంది మెల్లగా. "మీకు సిగ్గు కదా."

ఇంకేముంది. అమ్మ ఆ మాట అన్నాక ఏ పిల్లలు పడుకుంటారు? లోపల ఒకటే హడావుడి. ఒకడు రంగు గిన్నె అందుకున్నాడు, ఒకతి తిరగబోసుకుంది. కొద్దిగా పూసుకోవలసిన ఎరుపు ఒంటినిండా పడింది. టోపీ పూర్తిగా తీసే తీరిక లేదు, వెనక్కి తోసుకుని అలాగే పరుగు. తోసుకుంటూ, తొక్కుకుంటూ, కొమ్మకొమ్మకూ గుంపులు గుంపులుగా బయటపడ్డాయి.

తెల్లవారింది. కొండయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. వాగు మలుపు తిరగగానే ఆగిపోయాడు. చెట్టు నిండా నిప్పు.

"కాముడికి ముందే అంటుకుందిరో, నీళ్ళు తెండి!" అని కేకేశాడు. ఊరు ఊరంతా బిందెలు, కుండలు పట్టుకుని వచ్చింది. కొండయ్య ఒక కుండ నీళ్ళు విసిరాడు. నిప్పు ఆరలేదు, పొగ రాలేదు. రెండు పూలు మాత్రం ఆయన తలపాగా మీద రాలాయి.

కొండయ్య వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "మోదుగు పూస్తదని మా తాత గూడ చెప్పలే" అన్నాడు. వంగి గడ్డితాడు విప్పాడు.

పిల్లలు రాలిన పూలను ఏరి కుండల్లో వేసుకున్నారు. సాయంత్రానికి ఆ నీళ్ళు పసుపూ ఎరుపూ కలిసిన రంగుకు తిరిగాయి. ఇక చెప్పాలా, ఒకరి మీద ఒకరు పోసుకున్నారు. మూడు గుట్టలు దాటి పోయే ఆడవాళ్ళు ఆ రోజు వాగొడ్డునే కూర్చున్నారు.

ఐలవ్వ కొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఒక పూవు దగ్గర ముక్కు పెట్టి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"వాసనేది?" అంది.

పూవు కంగారుగా వెనక్కి చూసుకుంది. "తొందరలో లోపలే మరిచిపోయినం."

ఆ తొందర ఎవరిదో ఐలవ్వకు తెలుసు. ఆమె ఆ పూటంతా ఎక్కడికీ కదలకుండా ఆ చెట్టు కిందే కూర్చుంది.

పూలకు మాత్రం బయట నచ్చింది. ఎంతమంది నడుస్తున్నారో, ఎన్ని కబుర్లో. "అమ్మా, వచ్చే ఏడు కూడా మేం రాకముందే ఆకులు రాల్చేసెయ్యి" అని అడిగాయి. పిల్లలు అడిగితే ఏ తల్లి కాదంటుంది?

అప్పటినుంచే మోదుగు ఫాల్గుణానికి ముందే ఆకులన్నీ రాల్చుకుని, ఒట్టి కొమ్మల మీద ఒళ్ళంతా ఎర్రగా పూస్తోంది. అప్పటినుంచే ఆ పూల నెత్తిన నల్లటి టోపీలు అలాగే ఉన్నాయి. విస్తరాకులు తెంపేటప్పుడు ఐలవ్వ మళ్ళీ కొసాకు ముట్టుకోలేదు, మనవరాళ్ళను ముట్టుకోనివ్వలేదు. మీరెప్పుడైనా అటు నడిచి వెళ్తే మోదుగుపూవును వాసన చూడండి. ఏ వాసనా రాదు. దాన్నేమీ అనకండి. అమ్మను కాపాడుకోవాలని పరుగెత్తుకొచ్చింది, పాపం.