అటకెక్కిన జాగ్రత్త

ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని సూరప్పడికీ, తమ్ముడు కొండప్పడికీ మహా గర్వం. ఆ తెలివితో వేగలేక చచ్చేది మాత్రం వాళ్ళమ్మ వీరాయమ్మ.

శనివారం నర్సమ్మ రోజారత్నం వచ్చి బీపీ చూసింది. "బాగున్నావు మామ్మా! రేపు బారసాలకి నువ్వే నడిచెళ్ళు" అంది. బారసాల పక్కింట్లోనే, కూతురింట్లో. మునిమనవరాల్ని తన చేతుల్తో ఉయ్యాల్లో వెయ్యాలని ముసలమ్మకి ఒకటే ఆరాటం.

కొడుకులకీ చెప్పింది నర్సమ్మ. "రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగించండి. కాసేపు నడవాలి. నేల తడిగా ఉండకూడదు, కాళ్ళకి తగిలేవేవీ నేలమీద ఉంచకూడదు. ఈ వయసులో పడితే ఇంక మంచమే!"

ఇంకేముంది, తెల్లారగానే మొదలెట్టారు.

"వారానికి యాభై ఆరు గ్లాసులు. ఇవాళే తాగించేస్తే వారమంతా నిశ్చింత!" అన్నాడు సూరప్పడు.

మూడు గ్లాసులు తాగింది వీరాయమ్మ. నాలుగోది వాడి మొహాన కొట్టింది. అంతే, నేలంతా తడి!

"అన్నా, తడి నేలమీద అమ్మ!" కొండప్పడు గుండె బాదుకున్నాడు. మంచం, బిందె, పీట అన్నీ అటకెక్కించారు. చివరికి అమ్మనీ ఎక్కించారు. కింద మిగిలింది వెదురు నిచ్చెన.

"అదీ కాళ్ళకి తగులుతుంది. అందుకోవే అమ్మా!" అంటూ దాన్నీ పైకందించారు.

"ఓరి మీ తెలివి మండా! ముహూర్తం దాటిపోతోందిరా, దించండర్రా!" ఏడుపొచ్చేసింది ముసలమ్మకి.

"నువ్వు కదలకు. నీ నడక మేం నడిచొస్తాంలే" అంటూ ఇద్దరూ పెరట్లోకి పోయారు.

అదృష్టం బాగుండి, బారసాలకొచ్చిన నర్సమ్మ మామ్మ కోసం ఇటు తొంగిచూసింది. నేల తుడిచి, పైనుంచి వీరాయమ్మ జార్చిన నిచ్చెన గట్టిగా పట్టుకుంది. ముసలమ్మ ఒక్కో మెట్టే దిగి, కర్ర పుచ్చుకుని, తన కాళ్ళ మీద తనే నడిచెళ్ళి బిడ్డని ఉయ్యాల్లో వేసింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

అన్నదమ్ములు తిరిగొచ్చారు. అమ్మ లేదు, నేలమీద నిచ్చెన ఉంది!

"చూశావా? దీన్ని తన్నుకుని ఎవరైనా పడితే?" ఇద్దరూ అటకెక్కి నిచ్చెన పైకి లాగేసుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపు పక్కింటి లడ్డూల వాసన తగిలింది. దిగడానికి కింద నిచ్చెన లేదు.

"అమ్మా, నిచ్చెన పంపించవే!" అని ఒకటే అరుపులు.

కొడుకులు కదా, పాపమనిపించింది. అల్లుడి చేత వాళ్ళింటి నిచ్చెన పంపించింది వీరాయమ్మ. అతనింకా గోడకి ఆనించనేలేదు, సూరప్పడు పైనుంచి కేక పెట్టాడు.

"నేలమీద పెడతావేంటి బావా, బుద్ధుందా? ముందు దాన్ని పైకందించు!"