తీతువు కూయని మడుగు

తూర్పున ఒక కొండ, పడమట ఒక కొండ. ఆ రెంటి నడుమ గోగులకోన అనే అడవి ఉండేది. అడవిలో ఒక పెద్ద మడుగు. చలికాలం రాగానే ఎక్కడెక్కడి గూడబాతులు, కొంగలు, బాతులు ఆ మడుగుకే వచ్చి వాలేవి.

వచ్చేదీ పోయేదీ ఒకటే దారి. అది మడుగును ఆనుకుని కొండల మధ్య ఉన్న ఇరుకు సందు. అందుకని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. మేతకు వెళ్ళేవి తూర్పు కొండ వారగా ఎగరాలి. తిరిగొచ్చేవి పడమటి కొండ వారగా రావాలి.

ఆ కట్టుబాటు సరిగ్గా సాగుతోందో లేదో చూడడానికి ఒక కాపలా జట్టు ఉండేది. ఒడ్డున తీతువు, ఎండుకొమ్మ మీద పసులపోలిగాడనే నల్లపిట్ట, బండ మీద తెల్లకొంగ. ఏ రెండు పక్షులైనా రెక్కలు తగిలేంత దగ్గరికి వస్తే, చూసినవాళ్ళు కూత పెట్టాలి. సాయంత్రం అందరూ కూర్చుని అలా ఎందుకు జరిగిందో మాట్లాడుకోవాలి.

ఆ ఏడు అడవి పెద్ద అయిన ఏనుగు, జట్టుకు గద్దను నాయకుణ్ణి చేసింది. గద్దకు చూపు ఎక్కువ. గర్వం అంతకన్నా ఎక్కువ.

మొదటి రోజు సాయంత్రమే తీతువు చెప్పింది. "అయ్యా, ఇవాళ ఒక గూడబాతు, ఒక కొంగ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి."

"నీ కాపలాలో అలా ఎందుకు జరిగింది?" అంది గద్ద.

"ఎందుకో కనుక్కుందామనే చెబుతున్నానయ్యా."

"తీతువు కూస్తే కీడని ఊరికే అన్నారా? నీ నోటి చలవే ఇదంతా. ఇంకోసారి కూత వినబడితే ఒడ్డు మీద చోటు ఖాళీ చేసి కొండ వెనక్కి పోవాలి."

మర్నాడు పసులపోలిగాడు కూత పెట్టాడు. ఆ పూటే అతన్ని కొండ వెనక్కి పంపేశారు. అక్కడ మేత లేదు, తోడు లేదు. ఇక తెల్లకొంగ మెడ ముడుచుకుని కూర్చుంది. తీతువు నోరు కట్టేసుకుంది.

మడుగు నిశ్శబ్దమైపోయింది.

గద్ద ఏనుగు దగ్గరికి వెళ్ళి, "చూశావా తాతా? నా ఏలుబడిలో ఒక్క కూత లేదు" అంది. ఏనుగు సంతోషించింది.

ఆ మడుగులో ఒక నీటికుక్క ఉండేది. వెల్లకిలా తేలుతూ ఆకాశం చూడడం దానికి సరదా. ప్రతిదానికీ 'ఎందుకు' అనడం దాని అలవాటు. తీతువు అరవకపోవడం దానికి వింతగా తోచింది. వాన పడ్డా, పాము కదిలినా, ఏమీ లేకపోయినా అరిచే పిట్ట కదా అది.

"పిన్నీ, నీ గొంతుకేమైంది?" అని అడిగింది.

"గొంతు బాగానే ఉంది నాయనా. గుడ్లే నేలమీద ఉన్నాయి."

నీటికుక్క ఒడ్డుకేసి చూసింది. గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాగే ఉన్న గుడ్లు. ఒడ్డు వదిలి వెళ్ళమంటే తీతువు వాటిని ఎక్కడికి మోసుకుపోతుంది?

నీటికుక్కకు ఇంకొక వింత కూడా కనబడింది. నీళ్ళ మీద రోజురోజుకూ ఈకలు ఎక్కువగా తేలుతున్నాయి. ఒకటి నోట కరుచుకుని గద్ద దగ్గరికి వెళ్ళింది.

"మామా, ఇన్ని ఈకలు ఎందుకు?"

"ఈకలు రాలే కాలం."

"రాలిన ఈకకు మొదలు నున్నగా ఉంటుంది కదా. ఇది నడిమికి విరిగింది. ఎందుకంటావు?"

"నీళ్ళలో పొర్లేదానివి, నీకు ఆకాశం గొడవ ఎందుకు? చేపలు పట్టుకో ఫో."

కొన్నాళ్ళకు గద్ద తన పెత్తనం చూపించడానికి ఏనుగును మడుగు దగ్గరికి పిలిచింది. ఆ ఉదయం పొగమంచు దట్టంగా ఉంది. గద్ద కొండల అవతల నుంచి పడమటి వారగా దర్జాగా ఎగురుతూ వస్తోంది. అదే వారన ఎదురుగా ఒక గూడబాతు మేతకు వెళ్తోంది.

మంచులో ఆ రెండు నీడలనూ తీతువు చూసింది. ముక్కు తెరిచింది. గుడ్లు గుర్తొచ్చాయి. మూసేసింది.

ధన్‌మని చప్పుడైంది. గూడబాతు తూలుకుంటూ ఒడ్డున పడింది. గద్ద రెక్క విరిగి మడుగులో పడింది. నీటికుక్క ఈదుకుంటూ వెళ్ళి, గద్దను మెడ పట్టి గట్టుకు లాగింది.

"ఈ దారిన ఎందుకు వెళ్ళావు?" అని ఏనుగు గూడబాతును అడిగింది. అది రొప్పుతోంది. ఏనుగు జట్టు వైపు తిరిగి, "మీకేమైనా తెలుసా?" అంది. తీతువు తన గుడ్ల వైపు చూసుకుంది.

నీటికుక్క ముందుకు వచ్చింది. "తాతా, ముందు ఒక మాట ఇయ్యి. ఏం చెప్పినా తీతువు పిన్ని చోటు కదపనని."

"కదపను" అంది ఏనుగు.

అప్పుడు తీతువు తల వంచుకుని చెప్పింది. "తూర్పు కొండ చరియకు పెద్ద తేనెపట్టు పట్టింది తాతా. ఈగలకు భయపడి వెళ్ళేవి కూడా పడమటి వారకే వస్తున్నాయి. కొన్నాళ్ళుగా చూస్తున్నాను. ఇవాళ కూడా చూశాను. కూయలేకపోయాను."

కూతలు లేవని మురిసిపోయింది తనే కదా అని ఏనుగు తల దించుకుంది. తరవాత నీటికుక్కను జట్టుకు నాయకుణ్ణి చేసింది. పసులపోలిగాణ్ణి వెనక్కి పిలిపించింది. తేనెపట్టు ఖాళీ అయ్యేవరకూ వచ్చేవన్నీ వాలాకే వెళ్ళేవి లేవాలని కొత్త కట్టుబాటు పెట్టారు.

మర్నాడు మడుగంతా కూతలే. తీతువు ఒకటే అరుపు. రెక్కకు ఆకుపసరు కట్టుతో బండ కింద కూర్చున్న గద్ద మూలిగింది. "ఇన్ని కూతలా? నా కాలంలో ఒక్కటీ లేదు."

"నిజమే మామా. నీ కాలంలో ఈకలు ఉండేవి" అంది నీటికుక్క.

గద్ద నీళ్ళ వైపు చూసింది. మడుగు మీద ఒక్క ఈక కూడా లేదు. ఒడ్డున గులకరాళ్ళ మధ్య ఒక గుడ్డు పగిలి, తడి తడిగా ఒక పిల్ల బయటికి వచ్చింది. వచ్చీ రాగానే అది కూత పెట్టింది. ఎవరూ దాన్ని ఊరుకోమనలేదు.

నీతి: కీడును చూసి చెప్పే నోరు మూయిస్తే, కీడు చెప్పకుండానే వస్తుంది.